రెండు కోట్ల గోడ

వీధి చివర చిన్న గ్యాలరీ. నెలాఖరు రోజు, పొద్దున ఎనిమిది. గ్యాలరీ నడిపే రిటైర్డ్ డ్రాయింగు టీచరు, పదకొండేళ్ళుగా దాని గోడలకు రంగువేసే మేస్త్రి.

“మూత తియ్యకు మేస్త్రీ.”

“తీసేశాను టీచరుగారూ. ఇప్పుడు మీరు మూతి ముడుచుకుంటే నేనేం చెయ్యను?”

“సాయంత్రం ఆరింటిదాకా ప్రదర్శన ఉంది. తలుపుమీద కాగితం అంటించాం.”

“చివరిరోజు ఎవరొస్తారండీ? రేపు పొద్దున్నే పోస్టుమాస్టారు పూల బొమ్మలు మోసుకొస్తారు. నెలకో ఆర్టిస్టు, నెలాఖరుకి తెల్లగోడ. రూలు మీదే. రెండు కోట్లు వెయ్యాలి. నా బతుకులో కోట్లు చూసింది ఈ గోడలమీదే.”

“పదకొండేళ్ళలో ఎప్పుడూ సాయంత్రం ఏడింటికి ముందు రాలేదు, అందరి బొమ్మలూ దించాకే వచ్చేవాడివి. ఇవాళ నీ బొమ్మ మీదే పొద్దున్నే పడ్డావేం?”

“వాళ్ళవి మేకులకి వేలాడేవి, చంకన పెట్టుకుని పోతారు. నాది గోడమీదే గీసిందాయె. గోడ నెత్తిన పెట్టుకుపోనా?”

“అందుకే ఉంచేద్దాం అంటున్నాను. పోస్టుమాస్టారు పక్కగోడ చాలన్నారు.”

“వద్దు.”

“ఎందుకొద్దు?”

“ఈ నెల రావాల్సినాయన రానన్నాడని ఖాళీ గోడ నాకిచ్చారు. సరదాగా గీశాను. సరదా తీరింది.”

“కర్రల పరంజా, దానిమీద ఎనిమిదిమంది పెయింటర్లు, ఒకడి మొహంలా ఇంకొకడిది లేదు. వీధి వీధంతా వచ్చి చూసింది. సరదా అంటావేంటి?”

“చూశారు, బాగుందన్నారు, పోయారు. కుంచె పట్టినవాడికి ఆ కొంచెం చాలు.”

“మేస్త్రీ.”

“ఆఁ.”

“మాటలతో గారడీ ఆపు. ఎవరికి భయపడుతున్నావు?”

“భయమా? ముప్పై అడుగుల ఎత్తున, గాల్లో బీడీ వెలిగించినవాణ్ణి.”

“ఎత్తు సంగతి కాదు. ఎవరికి భయమో చెప్పు.”

“...రాత్రి మా ఆవిడ చెప్పింది. సాయంత్రం మరదల్ని తీసుకొస్తుందట. బొమ్మలో తమ్ముడున్నాడని ఎవరో చెప్పారట ఆ పిల్లకి.”

“ఉన్నాడుగా, కుడిచివర, నవ్వుతూ. పోయిన మొగుడు గోడమీద నవ్వుతుంటే చూసుకోనీ.”

“తను మొహం దగ్గర ఆగదు టీచరుగారూ. తాడు చూస్తుంది.”

“తాడేమిటి?”

“వాళ్ళ నాన్న పరంజాలు కట్టేవాడు. పుట్టింట్లో తాళ్ళతోనే ఆడుకుంది. మా తమ్ముడి కాళ్ళకింద, ఆ కర్రల దగ్గర, వంగి కడుతున్నాడు చూడండి ఒకడు.”

“నువ్వేగా. మీసం చూసి మొదటిరోజే పోల్చుకున్నాను.”

“మీసం కాదు, ముడి చూడండి. నాలుగు చుట్లుండాలి. రెండే ఉన్నాయి.”

“గీసేటప్పుడు మర్చిపోయుంటావు.”

“కట్టేటప్పుడు మర్చిపోయాను.”

“ఏమన్నావు?”

“కింద నుంచి ఎవరో అన్నానికి పిలిచారు. ఊఁ వస్తున్నా, ఊఁ వస్తున్నా అంటూ రెండు చుట్లు చుట్టి దిగిపోయాను. ఆ కర్రమీదే తమ్ముడు కాలుపెట్టి కిందపడ్డాడు. తన ముడి తనే సరిగ్గా వేసుకోలేదు, ఒట్టి నిర్లక్ష్యం మనిషి అన్నారంతా. నేనూ తలూపాను. ఆరేళ్ళయింది.”

“ఆరేళ్ళు...”

“మనిషికి చెప్పుకోలేని గోడు గోడకి చెప్పుకున్నాను. నెలాఖరుకి చెరిపేది ఎలాగూ నేనే కదా అని ధైర్యం. బొమ్మలు తెలిసినవాళ్ళు వచ్చారు, ముళ్ళు తెలిసినవాళ్ళు రాలేదు. తప్పుకోండి. మొదటి కోటు ఆరాలి.”

“వచ్చింది.”

“ఎవరు?”

“మీ మరదలు. మొదటిరోజే వచ్చింది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం, నువ్వు పనిలో ఉండే వేళ చూసుకుని. ఆ కుర్చీలో కూచుని చూసి వెళ్తుంది.”

“మరి సాయంత్రం వస్తానని మా ఆవిడతో...”

“నీ పక్కన నిలబడి చూడాలట.”

“ముడి... ముడి చూసిందా?”

“వేలు పెట్టి చూపించింది. రెండే చుట్లు టీచరుగారూ, అంది. నీ నోట వచ్చేదాకా నన్ను తెలియనట్టుండమంది.”

“తిట్టిందా? తిట్టే ఉంటుంది. దాచకండి, ఎంత తిడితే అంతా చెప్పండి.”

“తిట్టలేదు. నీ తమ్ముడు ఆస్పత్రిలో రెండ్రోజులున్నాడటగా.”

“మాట పడిపోయింది. ఎంత పలకరించినా నావంక చూస్తూ ఉండిపోయాడు.”

“నీ దగ్గరే పడిపోయింది. పెళ్ళాం దగ్గర కాదు.”

“ఏం చెప్పాడు?”

“‘ఆ ముడి అన్నయ్యది. మనకి తెలుసని తెలియనివ్వకు, మళ్ళీ పరంజా ఎక్కాల్సిన మనిషి’ అన్నాడట.”