పన్నెండు సీసాల సముద్రం

చంపాపేట్ మెయిన్ రోడ్డు నుంచి సందులోకి తిరగ్గానే ఉన్న చాయ్ కొట్టు ముందు ఆదివారం సాయంత్రం జనం పోగయ్యారంటే, ఎదురు అపార్ట్‌మెంట్‌కి నీళ్ళ ట్యాంకర్ ఇంకా రాలేదని లెక్క. ట్యాంకర్ రాకపోతే త్రినాథరావు నోట్లోంచి సముద్రం వస్తుంది.

అంబిక ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని, ఒళ్ళో బ్యాగుని గట్టిగా పట్టుకుంది. ఎల్బీనగర్‌లో ఓ ఆస్పత్రిలో నర్సు. ఆ వీధిలో కిరాయికి దిగి నెల కూడా కాలేదు. బ్యాగులో ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటు తీరంలో ఎక్కడ పెట్టాలో మళ్ళీ ప్లాన్ వేస్తున్నారట. పదిహేనేళ్ళ కిందట సీసాల్లో పట్టి పంపిన నీళ్ళ పరీక్షలు నమ్మదగ్గవి కావని అంబిక వాళ్ళ రేవుని జాబితాలోంచి తీసేశారు. అప్పుడు సీసాలు నింపిన మనిషి జరిగింది రాసి సంతకం పెడితే మళ్ళీ నీళ్ళు తీయిస్తామన్నారు. ఇక్కడి ఆఫీసులో ఇవ్వడానికి గడువు రేపటితో సరి.

ఆ మనిషి ఇప్పుడు ఎదురుగానే ఉన్నాడు. గాల్లో చేతులు తిప్పుతున్నాడు.

"పెద్ద పనేం కాదండీ," అంటున్నాడు త్రినాథరావు. "నెలకో సీసా చొప్పున ఏడాదంతా సముద్రం నీళ్ళు పట్టి పంపాలి, అంతే. కానీ ఇంజినీర్లకి పైపు ఎక్కడ ముంచాలో తెలీదు. మీటర్లు పెట్టారు, చూశారు, పోయారు. నేను చూపుడువేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, వెయ్యికి ముప్పై నాలుగున్నర పాళ్ళు ఉప్పు, అన్నాను. మీటరు కూడా అంతే చెప్పింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీటరు అమ్మేసుకున్నారు!"

"నీ నాలిక గట్టిదే సార్," అన్నాడు బాల్‌రాజ్. ఈ వీధంతా ఒకప్పుడు వాళ్ళ తాత చేను. తాత తవ్వించిన బాయి ఇప్పుడు ఎదురు అపార్ట్‌మెంట్ పార్కింగ్ కింద ఉంది. "మల్ల?"

"మల్లేముంది, ఉప్పు వడగట్టే జర్మనీ జల్లెడ వచ్చింది. పెట్టిన పూటే చిరిగింది. అందరూ తలలు పట్టుక్కూర్చున్నారు. నేను భుజం మీది తువ్వాలు తీసి పైపు మూతికి కట్టాను. అవతల్నించి నీళ్ళు బొటబొటా! ఎంత తియ్యగా ఉన్నాయంటే, కొబ్బరిబొండాల వాళ్ళు కాళ్ళ మీద పడ్డారు, మా కడుపు కొట్టకు బాబూ అని. సరే పోనీలే అని కొన్ని మళ్ళీ సముద్రంలోకి వదిలాను. అదీ నేను చేసిన పొరపాటు! మూడు మైళ్ళు సముద్రం తీపెక్కిపోయింది. సొరచేపొకటి ఒడ్డుకొచ్చి, త్రినాథా, నోరు చప్పబడిపోయింది, చిటికెడు ఉప్పెయ్యి నాయనా, అంది."

"తెలుగులనే మాట్లాడిందా?"

"మా తీరం సొర, మరేం మాట్లాడుతుంది?"

అందరూ నవ్వారు. అంబికా నవ్వింది. నవ్వు ఆపుకోలేకపోయినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. తొమ్మిదేళ్ళప్పుడూ ఇంతే. ఈ మనిషి సీసాలతో రేవులోకి వచ్చి, "వచ్చే ఏడు సముద్రాన్నే తాగేస్తావు గుంటా," అంటే నమ్మింది. ఆ పూటే గ్లాసు తెచ్చి చూపించింది, ఆ తర్వాత రోజూ దాన్ని పట్టుకుని ఒడ్డున కూర్చునేది. అలలు వస్తుంటే వాటిలో ఏది ముందు తీపెక్కుతుందా అని చూసేది.

"మల్ల తీసిన ఉప్పంతా ఏం జేసిన్రు సార్?"

"కుప్ప పోశాం. కొండయింది. నాదర్‌గుల్ నుంచి విమానం నడపడం నేర్చుకునే కుర్రాడొకడు దారితప్పి వచ్చి, కాశ్మీరనుకుని దాని మీద దిగిపోయాడు! స్వెట్టర్ అడిగాడండీ, మే నెలలో! ఆ కొండ తవ్వి ఆ ఏడు ఇంటింటికీ ఆవకాయ పెట్టారు, ఇంకా తరగలేదు. ఇక ఆ నీళ్ళని హైదరాబాద్ తోలాను. ఎల్బీనగర్‌లో మెట్రో స్తంభాలున్నాయా? రైలు కోసం అనుకుంటున్నారు మీరు. లోపలున్నవి నా పైపులే!"

"గట్లయితే ట్యాంకర్ కోసం గీ డ్రమ్ములేంది?"

"వాల్వు తిప్పేవాడు సెలవులో ఉన్నాడు బాల్‌రాజూ!"

నవ్వులు తగ్గాక అంబిక మెల్లిగా అంది. "బాబాయ్, మాదీ ఆ రేవే."

త్రినాథరావు చేయి గాల్లోనే ఆగింది.

"ఆ రేవులో ఏరు కలుస్తుంది. శ్రావణంలో వరదొస్తే రెండు నెలలు సముద్రం దానంతటదే చప్పబడుతుంది. మా ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసది. మూడు మైళ్ళు మీరు తియ్యగా చెయ్యక్కర్లేదు." ఆమె బ్యాగు జిప్పు తీసింది. "మీ సీసాల్లో మాత్రం చప్పబడలేదు. పన్నెండు నెలలూ ఒకటే ఉప్పు. ఎలా బాబాయ్?"

బాల్‌రాజ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

త్రినాథరావు ముందుకు వంగి ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వు... గ్లాసు గుంటవి కదూ?"

ఆమె తలూపింది.

"ఒక్క బకెట్టమ్మా," అన్నాడు. అది ఇందాకటి గొంతు కాదు. "దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు, సర్కారు ఉద్యోగం వచ్చేస్తుందన్నారు. ఏడాది ఆ ఇసకలో ఎవడుంటాడు? ఒక్క పొద్దున పన్నెండు సీసాలూ నింపేశాను. చైత్రానికొకటి, వైశాఖానికొకటి, అన్నిటికీ ముందే తారీఖులు రాసి అంటించాను. నెలకోటి పంపరా అని స్నేహితుడికిచ్చి బస్సెక్కాను. సముద్రమే కదా, ఎప్పుడు ముంచినా సముద్రమే అనుకున్నాను." చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఉద్యోగమూ రాలేదు. ఆ కోచింగ్ సెంటర్ పక్కనే జిరాక్స్ షాపులో ఉన్నానింకా."

"మా అమ్మ ఇంకా రెండు మైళ్ళు నడిచి బిందె తెస్తోంది బాబాయ్."



అంబిక ఉత్తరం తీసి ఇచ్చింది. దాంతోపాటు తెల్లకాగితం, పెన్ను. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. డ్రమ్ము మూత ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. అంత మాటకారీ నాలుగు వాక్యాలకే ఆగిపోయాడు.

అప్పుడు సందు మొదట్లో హారన్ మోగింది. ట్యాంకర్! బిందెలు, బకెట్లు, కేకలు, అందరూ అటు ఉరికారు. బాల్‌రాజ్ మాత్రం వెళ్తూ వెళ్తూ ఆగి, అంబిక డ్రమ్ము కూడా అందుకున్నాడు. "నేను పట్టిస్త తీయమ్మా. నువ్వు రాయించుకో."

వినేవాళ్ళు లేని బెంచీ మీద త్రినాథరావు సంతకం పెట్టాడు. కింద తారీఖు వెయ్యబోయి, పెన్ను ఎత్తిపట్టి, చిన్నపిల్లాడిలా ఆమె వైపు చూశాడు.

"ఏ తారీఖు వెయ్యమంటావు తల్లీ?"

"ఇవాళ్టిదే వెయ్యండి బాబాయ్."