ఆడవాళ్ళ పేజీ

బెంగాల్‌లోని గార్డెన్ రీచ్‌లో తెలుగు పోర్టు కూలీల క్వార్టర్లు, శుక్రవారం పొద్దున్న. గుమ్మం బయట హెప్సీ, పొగతాగడం మాన్పించే పరిశోధన కోసం ఆసుపత్రి నుంచి ఇల్లిల్లూ తిరిగే నర్సు. గుమ్మం లోపల, దారి ఇవ్వకుండా, ఆ పరిశోధనలో పేరున్న గోవిందరాజు భార్య అమ్మన్నమ్మ.

"లేడని చెప్తన్నాను కదా సిస్టరమ్మా. ఎన్నిసార్లు చెప్పాల?"

"పొద్దున్న ఎనిమిదింటికి ఎక్కడికెళ్ళారు?"

"ఎల్లినాడు."

"అదే, ఎక్కడికి?"

"బయటికి. మనిషన్నాక బయటికెల్లడేటి? నువ్వొచ్చీది మంగళారం. ఈరోజు సుక్కురారం. వస్తావని ఆయనకి కలొచ్చిందేటి?"

"చెప్పకుండా రావాలనే వచ్చాను. మంగళవారం వస్తానని తెలిస్తే ఆదివారం నుంచే మానేస్తారు. రెండు రోజులు ముట్టుకోకపోతే చాలు, ఊపిరిలో పొగ జాడ ఉండదు. ఈ మిషన్‌లో ఊదితే రెండో మూడో చూపిస్తుంది. నేను మెచ్చుకుని వెళ్ళిపోతాను. నేను వీధి మలుపు తిరగ్గానే మళ్ళీ మొదలు."

"ఎవులి గురించి మాటాడతన్నావు?"

"మీ ఆయన గురించే."

"ఆయన చుట్ట మానీసి తొమ్మిది నెల్లయింది."

"నేనూ అలాగే అనుకున్నాను. మొన్న మంగళవారం మీరు టీ పెట్టడానికి లోపలికెళ్ళినప్పుడు కిటికీలో చూశాను. డబ్బా మూతలో నాలుగు చుట్టపీకలు."

"పాతవి."

"తొమ్మిది నెలల పాతవా? తడి కూడా ఆరలేదు."

"మొన్న వాన పడింది కదా."

"కిటికీ లోపల పడిందా వాన?"

"నా ఇల్లు సోదా చేస్తావేటి? నువ్వు నర్సువా, పోలీసువా?"

"జగన్మోహన్ దుకాణంలో కూడా అడిగాను. ఈ ఇంటికి వారానికి ఒక కట్ట చుట్టలు వెళ్తున్నాయట. వచ్చి కొనేది మీరేనట."

"ఆ జగన్మోహన్‌కి యాపారం తప్ప అన్నీ కావాల."

"కొంటున్నారా, లేదా?"

"ఉప్పు కొంటాను. పప్పు కొంటాను. సబ్బు కొంటాను."

"చుట్టలు?"

"అగ్గిపెట్టె కొంటాను."

"అమ్మన్నమ్మగారూ, చుట్టలు?"

"కొంటాను. అయితే?"

"అయితేనా? ఏడాది నుంచి నేను ఈ మెట్లెక్కి, ఆయన్ని బతిమాలి, బిళ్ళలిచ్చి, ఊదించి, రాసుకుని, ఇంత చేస్తుంటే, మీరు ఇంట్లో కూర్చుని చుట్టలు తెచ్చి చేతికిస్తున్నారు. ఆయన ఊపిరితిత్తుల ఫోటో మీకు కూడా చూపించాను. గుర్తుందా? మొగుణ్ణి చేతులారా చంపుకుంటారా?"

"మాట తిన్నగా రానీ."

"తిన్నగానే వస్తోంది. రేపు ఆసుపత్రిలో మీటింగు. నలభై ఏళ్ళు చుట్ట కాల్చిన డాక్ కూలీ ఒక నర్సు మాట విని మానేశాడని, పెద్ద డాక్టర్లందరి ముందూ ఆయన్ని నిలబెడదామనుకున్నాం. ఇప్పుడు ఆ పేరు కొట్టేస్తాను. మళ్ళీ మొదలుపెట్టాడని రాసి కింద సంతకం పెడతాను."

"కొట్టీకు."

"ఎందుకు కొట్టకూడదు?"

"ఆయన కాల్చట్లేదు. మా పిల్లడి మీద ఒట్టు."

"మరి కాలుస్తున్నదెవరు? మీ అబ్బాయి ఉమామహేశ్ బడ్జ్ బడ్జ్‌లో ఉంటాడు. ఈ ఇంట్లో ఉన్నది మీరిద్దరే. కిటికీ కాల్చిందా?"

"ఆయన ఎక్కడికెల్లినాడో చెప్పనా? మంగలి కాడికి. రేపు స్టేజీ ఎక్కుతాడట, గెడ్డం నున్నగా ఉండాలట. మూడ్రోజుల్నుంచి అద్దం ముందు నిలబడి బట్టీ పడతన్నాడు. నమోష్కార్, ఆమార్ నామ్ గోవిందరాజు, అని. జెట్టీలో అన్నేళ్ళు బస్తాలు మోసినాడు, ఒక్కడు ఆయన్ని కుర్చీలో కూకోమన్లేదు. ఇప్పుడు నువ్వు పేరు కొట్టీస్తావా?"

"అది చుట్టలు కొనకముందు ఆలోచించాల్సింది."

"నీ నోరు పడిపోను."

"తిట్టండి. నాకు కొత్తేం కాదు. ఈ పనికి ముగ్గురు నర్సులం ఉండేవాళ్ళం. ఒకమ్మాయి బెంగళూరు వెళ్ళిపోయింది. ఇంకొకమ్మాయి ఏ దేశమో వెళ్ళింది, ఫోను కూడా ఎత్తదు. నాలుగొందల ఇళ్ళూ నా ఒక్కదాని నెత్తి మీద పడ్డాయి. పొద్దున్న ఇళ్ళు, మధ్యాహ్నం నుంచి వార్డు. ముప్పై ఎనిమిది మంచాలకి ఇద్దరం. ఇంత చాకిరీలో నాకు మిగిలిన ఒక్క మంచిమాట మీ ఆయన. అదీ అబద్ధమే అయింది."

"నిన్ను రమ్మన్నదెవులు?"

"ఎవరూ రమ్మనలేదు. తప్పుకోండి, ఆయన వచ్చేదాకా లోపల కూర్చుంటాను. రాగానే ఊదిస్తాను. అంకె చూసి, ఆ తర్వాతే వెళ్తాను."

"ఆ మిషను ఇలగ తే."

"ఎందుకు?"

"తే అంటన్నాను కదా."

"ఇది ఆటవస్తువు కాదు."

"ఏడాదిగా చూస్తన్నాను. ఊపిరి బిగబట్టాల. అంకెలు పదిహేను నుంచి సున్నాకి దిగినదాకా ఆగాల. అప్పుడు మెల్లిగా, కడదాకా ఊదాల. ఇటు తే, ఊదతాను."

"మీరెందుకు ఊదడం?"

"భయమేటి నీకు?"

"నాకేం భయం? ఉండండి, ఆ గొట్టం మార్చాలి, కొత్తది పెడతాను... ఊ. పట్టుకోండి. మెల్లిగా. ఇంకా. ఇంకా."

"ఎంత?"

"ఉండండి."

"ఎంత చూపిస్తంది?"

"మిషన్ పాడైనట్టుంది."

"నాకు చదూ రాదని చెప్పకుండా ఉంటావేటి? ఎంత?"

"పంతొమ్మిది."

"రోజుకి నాలుగు కాల్చినప్పుడు ఆయనకెంత ఉండీది?"

"ఇరవై, ఇరవై ఒకటి."

"మరింకేటి."

"పొద్దున్న బొగ్గుల పొయ్యి మీద వండారా? ఒక్కోసారి అలా కూడా..."

"గ్యాసు. నువ్వు తాగిన టీలన్నీ ఆ గ్యాసు మీద పెట్టినవే. చుట్ట నాది. కట్ట నాది. మూతలో పీకలు నావి. ఆయనకి వాసన తగిలితే మనసు లాగుతాదని, ఈ తొమ్మిది నెల్లూ పంపు వెనకాలకి పోయి కాల్చుకుని, నోరు కడుక్కుని వచ్చీదాన్ని. మొన్న వానకి ఎల్లలేక కిటికీ కాడ నిలబడినాను. ఇప్పుడు రాసుకో."

"మీరు కాల్చడం నేనెప్పుడూ చూడలేదు. చుట్టుపక్కల ఒక్కరు కూడా అనలేదు."

"నిప్పు లోపలుంటే ఎవులికి కనబడతాది? అడ్డపొగ. నిప్పు చివర నోట్లో పెట్టుకుంటాం, పెదాలు మూసీస్తాం. సముద్రం గాలికి ఆరిపోదు, చంకలో పిల్ల మీద బూడిద పడదు. మా అమ్మ నేర్పింది, నాకు పదమూడేళ్ళప్పుడు. నీకు తెలీదేటి?"

"తెలీదు."

"తెలీదా?"

"తెలీదన్నాను కదా."

"మీదీ భీమిలి పక్కనే అని మొదటిరోజు నువ్వే చెప్పినావు."

"అది మా తాతల నాటి మాట. నేను ఇక్కడే ఖిదిర్‌పూర్‌లో పుట్టాను."

"మరి మీ అమ్మ? ఆవిడ ఆ ఊరి మనిషే కదా."

"మా అమ్మ ప్రార్థన చేసుకునే మనిషి. మా ఇంట్లో ఇలాంటివి లేవు."

"పోయిందన్నావు. ఏటొచ్చి పోయింది?"

"గుండె."

"గుండేనా?"

"గుండె అంటున్నాను. ఇక్కడ మా అమ్మ సంగతెందుకు?"

"సరే, నా సంగతి చెప్పు. ఆ కాయితాల్లో నా గురించి ఏటి రాసినావు?"

"మీ గురించి ఏముంది రాయడానికి?"

"ఆడోళ్ళ పేజీ ఒకటుంది. చదూ రాదు గాని కళ్ళున్నాయి నాకు. పైన ఆడమనిషి బొమ్మ ఉంటాది. మొదటిరోజు ఆ పేజీ తీసినావు, తలెత్తకుండా టిక్కు కొట్టినావు, తిప్పీసినావు."

"అందులో పదకొండు ప్రశ్నలుంటాయి."

"ఒక్కటీ అడగలేదు."

"డాక్టరుగారు ముందే అడిగారు. నువ్వు తెలుగమ్మాయివి కదా, మీ ఆడవాళ్ళు కాలుస్తారా, ఆ పేజీ కూడా నింపించాలా, అని."

"నువ్వేటన్నావు?"

"మా ఆడవాళ్ళకి ఆ అలవాటు లేదన్నాను."

"ఎందుకన్నావు?"

"నాలుగొందల ఇళ్ళు. ఇంటికి పదకొండు ప్రశ్నలు ఎక్కువ. చేసేది నేనొక్కదాన్ని. ఎప్పుడు అడగను, ఎప్పుడు తినను, ఎప్పుడు నిద్రపోను?"

"అదొక్కటేనా?"

"ఇంకేముంటుంది?"

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"ఆ గదిలో అందరూ చదువుకున్న బెంగాలీలు. మా ఆడవాళ్ళు నిప్పు నోట్లో పెట్టుకుంటారండీ అని లేచి చెప్పమంటారా? నవ్వరా? నన్ను కూడా అలాగే చూడరా?"

"ఇందాక తెలీదన్నావు. ఇదే గుమ్మంలో, ఇప్పుడే అన్నావు, తెలీదని. బెంగాలీ పిల్లయితే నేనేటీ అనను. దానికెలగ తెలుస్తాది? నువ్వు మన పిల్లవి. తెలిసీ టిక్కు కొట్టినావు. ఇంటింటికీ కొట్టినావు కదూ? ఈ వరసలో ఆడోళ్ళందరికీ?"

"గొంతు తగ్గించండి."

"ఎందుకు తగ్గించాల? మూడుసార్లు నీకు చెబుదామని వచ్చినాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నీ కుర్చీ పక్కన నిలబడినాను. నువ్వేటన్నావో గుర్తుందా? పంచదార తక్కువెయ్యండి, అన్నావు. నేను లోపలికి పోయి పంచదార తక్కువేసినాను."

"ఏం చెబుదామని వచ్చారు?"

"ఇప్పుడడుగుతన్నావు."

"చెప్పండి, ఏమైంది?"

"ఏటీ లేదు. నీ కాయితంలో ఏటీ లేదని ఉంది కదా."

"అమ్మన్నమ్మగారూ."

"కారం తినలేకపోతన్నాను. ఎండాకాలం నుంచి. మొదట మంట. ఇప్పుడు వేడి టీ కూడా పడట్లేదు. ఆయనకి చెప్పలేదు. చెబితే ఆ బెంగకి మళ్ళీ చుట్ట ముట్టుకుంటాడు."

"నోరు తెరవండి."

"ముందు ఆయన పేరు కొట్టనని చెప్పు."

"కొట్టను."

"రేపు స్టేజీ ఎక్కిస్తావు."

"ఎక్కిస్తాను. నోరు తెరవండి."

"ఆ పేజీ కూడా మళ్ళీ అడగాల. నన్నే కాదు, అందర్నీ."

"పెద్దమ్మా, నీకు దండం పెడతాను. ఇటు వెలుగులోకి తిరుగు. తల వెనక్కి. నాలిక కాదు, బుగ్గ కాదు, పైన, అంగిలి చూడాలి."

"ఎక్కడో నేను చెప్పనేలేదే. అంగిలని నీకెలగ తెలుసు?"

"మా అమ్మకీ అక్కడే మొదలైంది."