పుండు పడని వీపు

తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే అదనపు పింఛను కోసం తమ్ముణ్ణి చూడ్డానికి ఆఫీసరు ఇంటికొచ్చాడు. మెడ కిందనుంచి చచ్చుబడిపోయిన ఆ ఒంటిని అక్క పక్కకి తిప్పి పట్టుకుంటే, ఆయన వంగి వీపంతా వెతికాడు.

“ఒక్క పుండు కూడా లేదే!”

“ఎందుకుంటుంది సార్? ఉద్యోగం మానేసి కూర్చున్నాను. రాత్రుళ్లు కూడా లేచి పక్క మారుస్తుంటాను.”

“దుప్పటి కూడా మల్లెపువ్వులా ఉంది.”

“మీరొస్తున్నారని ఉతికాను. తప్పయిందా?”

“తప్పని కాదమ్మా. పరిస్థితి తీవ్రంగా ఉంటేనే అదనం. ఇతను నిక్షేపంగా ఉన్నాడు.”

“నిక్షేపమే. ముక్కు మీద ఈగ వాలితే తోలుకోలేడు, అంతే.”

“వెటకారం వద్దమ్మా. రూలు నేను పెట్టానా? పుళ్లుంటే కళ్లు మూసుకుని రాసేవాణ్ణి.”

“అయితే ఓ నెల నేను కాళ్లు చాపుకుని పడుకుంటాను, అప్పుడు రండి. వీపు కుళ్లి, మీకు కావలసినట్టే తయారవుతాడు.”

ఆయన బయటికి నడిచాడు. చెప్పులేసుకుని గడప దగ్గర ఆగిపోయాడు. గొంతు తగ్గింది.

“అమ్మా, వీపుకి ఏ మందు రాస్తావు? మా అమ్మ కూడా మంచం మీదే ఉంది. ఒళ్లంతా పుళ్లు. ఇంట్లో అందరం ఉద్యోగాలకి పోయేవాళ్లమే.”

అక్క తలుపు మీద చెయ్యేసింది.

“మందు రాసి చెడగొట్టుకోకండి సార్! అదనం రాసెయ్యండి. మీ అమ్మగారికి దర్జాగా వస్తుంది.”