సీడీ ప్లేయర్ కంట్లో ఆముదం చుక్క

భూపేష్: రేయ్ అందరూ ఉండారా గ్రూపులో? ఏం పనులున్నా పక్కన పెట్టండప్పా, మల్లా మల్లా చెప్పను. అవ్వ సీడీ ప్లేయర్ బాగు చేసినా. నేనే. ఒక్కన్నే.

శివాని: ఏ ప్లేయరు? మేము సెలవులకి మీ ఓర్వకల్లుకి వచ్చినప్పుడల్లా ముట్టుకుంటే అవ్వ ఏలి మీద కొట్టేదే, అదా?

భూపేష్: అదే మే శివానీ. మీ కడపలో అయితే ఎప్పుడో పాత సామాన్లోనికి ఏసింటారు. మేనత్త పక్కనుంటే చదివి వినిపించు, అన్న కొడుకు ఎంత పనోడో ఆయమ్మకి కూడా తెలియాల. కత మొదట్నుంచి చెప్తా. మన రామసుబ్బమ్మ అవ్వ కోలాటం జట్టు ఈ పొద్దు సాయంత్రం మహానందిలో ఆడాల కదా, వాల్లు ఆడే పాట లోకం మొత్తం మీద ఒకే ఒక్క సీడీలో ఉండాది, ఎప్పుడో కర్నూల్లో స్టూడియోకి పొయ్యి వాల్లే పాడి చేయించుకున్యారు. ఆడ మైకాయప్పేమో సీడీలు గీడీలు మా కాడ ల్యావు, ఫోన్‌లో తెస్తే ఏస్తా అన్యాడంట. అంటే ఇంట్లో ప్లేయర్లో సీడీ పాడాల, నేను పక్కన ఫోన్ పెట్టి పాట పట్టుకోవాల, అంతే పని. ఈ ప్లేయరేమో నిన్న సీడీ పెడితే గిర్రున తిరిగి తిరిగి 'డిస్క్ లేదు' అని చూపిచ్చింది. కడుపులో పెట్టుకోని లేదంటాది చూడు!

నాగరాజ్: బస్టాండు కాడ ఏసేపన్న అంగడి ఉండాది కదరా. ఆయప్ప టీవీలు కూడా చేస్తాడే.

భూపేష్: మా అమూల్యక్క కూడా అదే అనింది బావా. నేనే అడ్డం పడినా. ఇంట్లో నేనుండంగా బయటికి పొయ్యేదేందని కోలాటం జట్టు మొత్తం ముందర చెప్పేసినా, 'పాట మీ చేతిలో పెట్టకుంటే నా పేరు భూపేషే కాదు' అని. అవ్వ నా తల నిమిరింది. ఆ నిమురుడుకే సగం రిపేరు అయిపాయె అనుకో.

నాగరాజ్: నేనీడ ఎర్రగుంట్లలో లారీకి సిమెంటు ఎక్కిస్తాండా. నిమురుడు ఆపి బిన్నా చెప్పు.

భూపేష్: చెప్తాండా కదా. మూతకు నాలుగు స్క్రూలు, తుప్పు పట్టి కర్సుకోని ఉండాయి. స్క్రూడ్రైవరు యాడుందో ఎవురికెరుక, అవ్వ వక్కలు కత్తిరిచ్చే అడకత్తెర తీసుకోని ఒక్క తిప్పు తిప్పినా. మూడు స్క్రూలు మర్యాదగా వచ్చినాయి. నాలుగోది ఎగిరి కిటికీలోంచి బయట పడి, హైవే మీద పోతాండే ఆర్టీసీ బస్సు టైరు టప్పుమనింది. డ్రైవరు దిగి తిట్టేకి వచ్చి, నా పని చూసి, గమ్మున చెప్పులు ఇడిసి పక్కన కూచున్యాడు. ఇంగ మూత తీస్తే దుమ్ము. ఎంత దుమ్మంటే, చేటతో ఎత్తినా, చాల్లేదు, గంపతో ఎత్తినా, పెరట్లో పోస్తే చిన్నాయన వచ్చి చూసి 'ఇంత మంచి నేల ఎవురిదిరా, సెనక్కాయ ఏద్దాం' అన్యాడు.

శివాని: మా మామ అట్ల అనింటే ఆ నేలకి బోరు కూడా ఏయించింటాడులే.

భూపేష్: నవ్వాకు మే, అసలు కత ఇప్పుడుండాది. దుమ్ము కింద ఉండాది దాని కన్ను. లెన్స్ అంటారు, అవ్వకు అర్థం కాదు కదా, అందుకే కన్ను అని చెప్పినా. 'సీడీని చదివేది ఈ కన్నేవ్వా, మసక పట్టింది, అందుకే దానికి కనపడ్ల్యా' అని. అంతే, అవ్వ లేసి లోపలికి పాయె. టీ పెట్టేకి పోయిందనుకున్యా. తిరిగొస్తే చేతిలో ఆముదం గిన్నె! వద్దువ్వా అనేలోపల ఏలు ముంచి కంట్లో చుక్క ఏసింది. ఏసి, పైన తెల్లగుడ్డ కప్పి, 'మధ్యాన్నం దాకా దీనికి ఎలుతురు చూపియ్యాకు, ఈగలు వాలనియ్యాకు' అని నా చేతికి ఇసనకర్ర ఇచ్చి కూచోబెట్టింది.

నాగరాజ్: లేజర్ లెన్స్‌లో ఆముదమా?! సచ్చింది పో.

శివాని: పాట ఫోన్లోకి ఎక్కిందా లేదా అది చెప్పు ముందు. అవ్వ పాపం, ఆ పాట లేకుంటే ఎట్ల ఆడతాది?

భూపేష్: గమ్మునుండండప్పా, నేనూ మీ మాదిరే అనుకున్యా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నిన్న మధ్యాన్నం గుడ్డ తీసి స్విచ్ ఏసినా. కన్ను పిల్లికన్ను మాదిరి మెరిసింది. ఆముదానికి చూపు ఎంత పదునెక్కిందంటే సీడీ ఒకటే కాదు, గుండ్రంగా ఏముంటే అది చదువుతాంది! నమ్మరు కదా? నా చేతిలో జొన్నరొట్టె ఉండాది, తిరుగుతాదా లేదా చూద్దామని అది పెట్టినా. తిరిగింది. పాడింది కూడా! ముందు టపటపటప అని అవ్వ రొట్టె తట్టిన సప్పుడు, మంచి తాళం. ఆ తాళం మధ్యలో, పొయ్యి కాడ కూచోని అవ్వ మా అమ్మ మీద గొణుక్కున్న తిట్లు వరసగా. మా అమ్మ గంటె పట్టుకోని వచ్చి 'ఇంగోసారి పెట్రా' అనింది. నేను రొట్టె మింగేసినా. కొంప నిలబెట్టింది నేనే.

శివాని: అయ్యో దేవుడా 😂

భూపేష్: తర్వాత స్టీలు తట్ట పెట్టినా. పెండ్లికి ఇచ్చే బోకుల మీద పేర్లు కొట్టిస్తారు కదా, ఎవురిచ్చిన్యారు, ఏ ఊరు అని, అదంతా రాగం తీసి చదివింది. చదివినాక తెలిసింది, ఆ తట్ట మాది కాదు, ఎదురింటి సుందరలక్ష్మత్తది. పోయిందని ఆయమ్మ వీధి వీధంతా శాపాలు పెట్టిన తట్ట! ఇంగ చిన్నాయన 'ఏందిరా ఈ గోల' అని వంగి లోపలికి చూసినాడు. చిన్నాయన తల తెలుసు కదా, నున్నగా, గుండ్రంగా. ప్లేయర్‌కి ఏమెరుక అది తలకాయని? చదివేది మొదలుపెట్టింది!

నాగరాజ్: ఏం చదివిందిరా? లోడు ఎక్కించేది ఆపేసినా, చెప్పు.

భూపేష్: శివరాత్రి ఉపాసం నాడు బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిన్నేది, మూతి తుడుచుకున్నేది, ఇంటికొచ్చి నీరసంగా ఉండాదని పండుకున్నేది, అన్నీ! ఇప్పుడు చిన్నాయన ఇంట్లో కూడా తలకి టవలు చుట్టుకోనే తిరుగుతాండాడు. పెద్దోల్లు ఎవురూ ఈ గ్రూపులో ల్యారు కాబట్టి చెప్తాండా.

శివాని: సరే. కోలాటం పాట?

భూపేష్: దానికే వస్తాండా. ఈ పొద్దు తెల్లారేటప్పటికే అవ్వ, అమూల్యక్క నన్నూరు పోయినారు, జట్టును టెంపోలో ఎక్కించుకోనొచ్చేకి. వాల్లు అట్ల పోతానే సీడీ పెట్టి బటన్ నొక్కినా. అబ్బబ్బబ్బా! పాట ఇంట్లోంచి బయటికి పొయ్యి మన రాళ్లకొండలకి తగిలి, ఒక్క పాట పోయింది నాలుగు పాటలై వెనక్కొచ్చింది. కొండ మీద రాళ్లు జతలు జతలుగా నిలబడి కోలాటం ఆడినాయి, నమ్మకుంటే వచ్చి చూడండి, నిన్న ఈడుండే రాయి ఈ పొద్దు ఆడుండాది. మన ఓర్వకల్లు ఎయిర్‌పోర్టులో దిగాల్సిన ఇమానం దిగకుండా ఊరి మీదనే చుట్లు కొట్టింది, పాట అయ్యేదాకా దిగేది ల్యా అని లోపలోల్లంతా పైలెట్ చెయ్యి పట్టుకున్యారంట. నాగరాజ్ బావా, నిజం చెప్పు, పొద్దున మీ ఎర్రగుంట్లలో సిమెంటు దుమ్ము లేసిందా లేదా?

నాగరాజ్: ఈడ దుమ్ము లేయంది ఎప్పుడప్పా?

భూపేష్: అది నా ప్లేయరు సప్పుడుకే! ఊరు ఊరంతా వినింది. పాలు పోసే ఆయప్ప కాన్నుంచి బడికి పోయే పిల్లోల్ల దాకా అందరి నోట్లో ఇప్పుడు అదే పాట, ఒక్క మాట తప్పు పోరు.

అమూల్య: భూపేషూ. నువ్వు రాసేదంతా టెంపోలో అవ్వకి, జట్టుకి గట్టిగా చదివి వినిపిస్తాండా.

భూపేష్: అక్కా. టెంపో మధ్యాన్నం కదా వచ్చేది?

అమూల్య: బిన్నా బయల్దేరినాం. మన వీధి మలుపులో ఉండాం. పాట పంపు, మైకాయప్పకి పంపాల.

భూపేష్: పంపుతా పంపుతా. ఈడ సిగ్నల్ సరిగ్గా ల్యా.

అమూల్య: ఇంత రామాయణం వచ్చింది కదా సిగ్నల్లో. పాట రాదా?

భూపేష్: పాట బరువెక్కువక్కా.

శివాని: భూపేష్. పాట పట్టుకున్యావా లేదా?

నాగరాజ్: రాస్తాండాడు రాస్తాండాడు అని చూపిస్తాంది. ఏం రాస్తాండాడో ఏమో.

భూపేష్: పాడిందంటే పాడింది మే. ఫోనే తట్టుకోల్యా ఆ సప్పుడుకి.

అమూల్య: అవ్వ ఏమంటాందో ఉన్నదున్నట్ల రాస్తాండా. 'పోనీలే నాయనా. పాట రాకుంటే ఒగరు నిలబడి పాడాల. ఆడతా పాడితే మాకు ఊపిరందదు. ఊపిరి తిప్పుకోకుండా ఇంతసేపు లాగేటోడు మన ఇంట్లో వీడొక్కడే, టెంపో ఎక్కమను' అంటాంది. జట్టు మొత్తం సరే అనింది.

భూపేష్: నేనా?? మైకులోనా?? మహానందిలో అందరి ముందరా??

అమూల్య: ముందు సీటు నీకే పెట్టినాం. హారన్ ఇనపడతాందా? ఇంటి ముందరే ఉండాం.

నాగరాజ్: నేను బండి తీస్తాండా. ఇది చూడకుంటే జన్మ దండగ.

శివాని: ఎవురన్నా వీడియో తీయండి, దండం పెడతా.

భూపేష్: అక్కా

భూపేష్: అది కాదక్కా

భూపేష్: ఆ పాట మొదటి లైనేంది?

అమూల్య: పొద్దున ఊరంతా వినింది కదప్పా. వీధిలో ఎవుర్నన్నా అడుక్కోని రా.