చెరువు బంగ్లాలో కురుమూర్తి మూడు రోజులు

రాజోలి కురుమూర్తి ప్రతి బేస్తవారం గద్వాలకు, మా అరుగు మీదికి వస్తాడు. మా వాడలో మగ్గం దిగిన చీరలు మూటగట్టుకొని ఊర్లు తిరిగి అమ్ముతాడు. చీరల కన్నా మాటలే ఎక్కువ మోస్తాడని పక్కింటి జోగమ్మ అంటుంది.

ఆ బేస్తవారం అతడు చెరువు బంగ్లా పేరెత్తాడు. వనపర్తి దిక్కున, చెరువు ఒడ్డున, సంస్థానం నాటి బంగ్లా. ఈ మధ్య దొర మనుమడు గదులు కిరాయికిస్తుంటే పట్నంవాళ్లు సెలవులకు వచ్చి ఉంటున్నారు. పిల్లలకు ఆవులను, బర్లను, బాతులను చూపించుకొని పోతున్నారు.

నా బిడ్డ రేణుక అక్కడే ఉంది. చీర అంచు తప్పు నేసిందని, "నువ్వు పశువుల కాడికే పనికొస్తవు" అన్నాను. తెల్లారి ఆ బంగ్లాలో పశువుల కాడికే పనికి పోయింది. ఎనిమిది నెలలైంది. ఉత్తరం లేదు.

నేను గడప లోపల నూలు కండెలు చుడుతున్నాను. బంగ్లా మాట వినగానే రాట్నం ఆపాను.

"ఏం లేదు ఎల్లన్న మామా, చిన్న ముచ్చటే" అని మొదలుపెట్టాడు, ఎదురింటి ఎల్లన్నతో. "పోయిన శనివారం మూట నెత్తిన పెట్టుకొని ఆ గేటు కాడికి పోయిన. పట్నం దొరసానులు దిగిన్రు గద, రెండు చీరలన్న పోతయేమో అనుకున్న. గంతే. గేటు కాడి జవాను నన్ను జూసి లేచి నిలబడ్డడు."

"నిన్ను జూసా, మూటను జూసా?" అన్నాడు ఎల్లన్న.

"మూటను జూసే అనుకో మామా. అయ్యా గద్వాల నుంచా, గద్వాలోళ్లు వస్తె గది ఇయ్యకుండ పంపొద్దని పెద్ద దొర నాటి హుకుం ఉన్నది, అని నన్ను లోపటికి తోల్కపోయిండు. ఏం గది అది! సంస్థానం నాడు చుట్టాలుగ వచ్చిన రాజులు పండుకున్న గది. మంచం ఎక్కనీకె నిచ్చెన. పరుపు మీద కూసుంటినో లేదో మునిగిన. పొద్దుగాల ఇద్దరు మనుషులు వచ్చి తాడేసి నన్ను చేదుకున్నరు, బాయిల నీళ్లు చేదినట్టు."

"ఆ తాడన్న తెగకపోయె!" అంది జోగమ్మ.

పనివాళ్లు ఎక్కడ పండుకుంటారో చెబుతాడేమో అని చూశాను. చెప్పలేదు. అది చలికాలం.

"విను పెద్దమ్మా, ఇంక పశువుల ముచ్చటే రాలే. ఆడ పశువులకున్న మర్యాద తాసిల్దారుకు గూడ లేదు. తెల్లారంగ దర్వాజ మీద టక్ టక్. తీస్తె ఎవరు? ఆవు! కొమ్ముతోటి కొట్టి, ఎన్ని గిలాసలు అన్నట్టు తల ఎత్తి జూస్తది. నేను రెండు వేళ్లు జూపిస్తె రెండే గిలాసలు ఇచ్చి పక్క గదికి పోయింది. మీగడ ఎంత మందం అంటవు, గిలాస మీద గిలాస పెట్టిన, మునగలే. ఒక కోడిపిల్ల దాని మీద అటు ఇటు నడిసింది, కాళ్లు తడవలే. ఇగ బాతులు. వరండాల చెప్పులన్నీ జతలు జతలు సదిరి పెడతయి. నా చెప్పు వారు తెగిందని ఒక బాతు మోచి కాడికి తీస్కపోయి కుట్టిచ్చుకొచ్చింది."

"మోచి ఏమనలేదా?"

"ఏమంటడు మామా, రోజు వచ్చే బాతే గద."

అరుగంతా నవ్వింది. ఆవుకు గడ్డి ఎవరు వేస్తారో, మాపటికి బాతులను గంప కింద ఎవరు కమ్ముతారో అతడు చెప్పలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? మూడో దినం మాపటికి మున్నూరు బర్లు ఒక్కపారి చెరువుల దిగినయి. చెరువు పొంగి వరండాల మీదికొచ్చింది. కుర్సీలన్నీ తేలినయి. నేను దిగలే, చేతిల చాయ్ ఉండె మరి. కుర్సీ మీదనే అవతలి ఒడ్డు దాక పోయి, అలుగు కాడ మలుపుకొని వాపస్ వచ్చిన, చాయ్ ఇంక వేడిగనే ఉన్నది. పట్నపోళ్లంత పరేషాన్. దొర మనుమడు తుపాకి పేల్చిండు, బర్లు చెవి గూడ ఆడియ్యలే. అప్పుడు మెట్ల మీదికి ఒక పిల్ల వచ్చింది..."

ఆగి గడప దిక్కు చూశాడు. నా చేతిలో పోగు తెగింది.

"ఓ... అని ఒక్క కూత. గంతే! మున్నూరు బర్లు బడిపిల్లలోలె వరస గట్టి బయటికొచ్చినయి, చెరువు దాని జాగకు అది పోయింది. ఎవరనుకున్నరు ఆ పిల్ల? మన రేణుక! దొర మనుమడు గూడ దండం పెట్టిండు. నా మూట జూసి గుర్తువట్టి, అన్నా, మా వాడ నుంచా, అని పక్కన కూసున్నది. మా అమ్మ ఎట్లున్నది అన్నది. మా అమ్మకు కండ్లు మంచిగ కనపడుతున్నయా అన్నది. మా అమ్మ మీద నాకు కోపం లేదని చెప్పు, అన్నది. అనుకుంట ఏడ్సింది సుగుణక్కా, ఎంత ఏడ్సిందంటవు, ఆ కండ్ల నీళ్లకు చెరువు మళ్ళ పొంగి..."

"ఆపు రా!" అంది జోగమ్మ. "దొరికినవు ఇయ్యాల. గా పిల్ల ఎన్నడన్న సుగుణను అమ్మ అన్నదా? మరుదులు వదినె, వదినె అంటుంటె విని, మాటలు నేర్చిన నాటి సంది తల్లిని వదినె అనే పిలుస్తది. వాడంత ఎరుక. నువ్వు ఆ బంగ్లాల అడుగే పెట్టలే!"

ఎల్లన్న తువాల ముఖానికి అడ్డం పెట్టుకొని నవ్వాడు. అందరూ నవ్వారు.

కురుమూర్తి మూట ముడి బిగించాడు. తల ఎత్తకుండానే చెప్పాడు. "గేటు కాడనే ఆపిన్రు అక్కా. చీరలు వద్దన్నరు. గోడ నీడకు గడియసేపు కూసొని వచ్చిన. లోపట ఎవరున్నరో నాకు తెల్వదు."

అతని నోట అంత పొట్టి మాటలు నేనెప్పుడూ వినలేదు.

జోగమ్మ చెప్పింది నిజమే. ఇరవై ఏండ్లలో రేణుక నన్ను ఒక్కసారీ అమ్మా అనలేదు.

అతడు మూట నెత్తికెత్తుకోబోయాడు. నేను గడప దాటి అరుగు మీదికి వచ్చాను.

"కూసో కురుమూర్తీ."

కూర్చున్నాడు.

"ఆవులు, బాతులు వద్దు. పిల్ల ఏమన్నదో అదొక్కటి మళ్ళ చెప్పు."

జోగమ్మ నవ్వు ఆపింది. కురుమూర్తి ఆమె దిక్కు చూశాడు, నా దిక్కు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏమన్నదంటె అక్కా... మా వదినె ఎట్లున్నది, అన్నది."

"అట్ల కాదు" అన్నాను. "ముందుగాల చెప్పినట్టే చెప్పు."