ఉయ్యాల కథ

చంటిపిల్ల గోళ్లు తీస్తూ దాని వేలు కోసేసిందామె. నెత్తురు ఆగి పిల్ల నిద్రపోయినా ఆమె ఏడుపు మాత్రం ఆగలేదు. ఆమె తల్లి కుట్టుమిషన్ ఆపి లేచి వచ్చింది.

"నేనేం తల్లినమ్మా?"

"నీ గడ్డం కింద మచ్చ ఎలా వచ్చిందో తెలుసా?"

"ఉయ్యాల మీంచి పడ్డానన్నావుగా."

"అబద్ధం. నిన్ను ఈ మిషన్ బల్ల మీదే కూర్చోబెట్టుకుని కుట్టేదాన్ని. ఓ రోజు దారం తెగింది. సూదిలోకి ఎక్కిస్తూ నిన్ను వదిలేశా, పడ్డావు."

"ఇన్నేళ్లూ దాచావా?"

"చెప్పడానికి నోరు రాలేదే."

"పిచ్చి అమ్మా! నువ్వు తొక్కుతుంటే బల్ల అదిరేది, నేను కిలకిలా నవ్వేదాన్ని. నాకు అదొక్కటే గుర్తు. పడ్డం గుర్తే లేదు."

"మరి దీనికి మాత్రం ఈ వేలు గుర్తుంటుందా?"

"సరే, నేను ఏడుపు ఆపేస్తా. నువ్వూ ఆ ఉయ్యాల కథ మానెయ్."