పడిపడిగా, పదిపదిగా

నన్నెందుకు తిడతావు ఏంజెలిన్ అమ్మణ్ణీ? తప్పు నీ నోట్లో వుంది. కాళ్లకు బలం రావాలంటే కుర్చీలో కూర్చొని లేయమంటివి, బాగుంది. మొదట పది సార్లు, ఆ పైన “పడిపడిగా పెంచండి అవ్వా” అంటివా లేదా?

పడిపడిగా అంటే తమిళంలో కొంచెం కొంచెంగా అని నాకు తెలీదా? పుట్టింది వెంగల్‌లో, కాపురం తిరుత్తణిలో, రెండూ తమిళనాడే గదా. అయితే నువ్వు నా కోసరమని తెలుగు మాట్లాడతావు గదా. పాపం, పిల్లకు నోరు తిరగక పదిని పడి అంటావుందనుకొంటి. పదిపదిగా పెంచితి. రెండో వారం ఇరవై, మూడో వారం ముప్పై. ఈ వారం అరవై.

మోకాళ్లా? నొయ్యకుండా వుంటాయా? గోడ పట్టుకొని నిన్నే తిట్టుకొంటి. అయినా ఆపలా.

ఎందుకంటే, మా ఆయన ఎప్పుడూ ముందు నడుస్తాడు. పెండ్లయి నలబై ఎనిమిదేండ్లు. బజారుకు పోయినా, బస్టాండుకు పోయినా నేను చూసేది ఆయన వీపే. ఏదన్నా చెప్పాలంటే అరవాల. ఆయన తప్ప ఊరంతా వింటింది. ఒక్క దినమన్నా పక్కన నడస్తా మాట్లాడాలని నా ఆశ. అందుకే ఈ ఆస్పత్రిలో నీ దగ్గరికొచ్చింది. షుగరూ గిగరూ అని చెప్పింది వుత్తదే.

మొన్న శుక్రవారం కూరగాయలకు పోయినాము. ఎట్టెట్టో పక్కకు వస్తి. బలే సంతోషం. నోరు తెరిచే లోపల ఆయన్ని దాటేస్తి, కాళ్లు నిలిస్తే గదా. పూలంగడి కాడ వెనకనుంచి “వసుమతీ, వుండు” అనినాడు. వినబడింది. విననట్టే పోయినా. నలబై ఎనిమిదేండ్ల కసి, ఏం చేసేది చెప్పు.

మూల తిరిగి చూస్తే కరెంటు స్తంభం పట్టుకొని నిలబడి వుండాడు. ఊపిరి అందకపోయినా నవ్వతావుండాడు. ఆయన వేగంగా పోతాడని ఇన్నాళ్లూ అనుకొంటి గదా. నేను నిదానం గాబట్టి ఆయన ముందుండె, అంతే.

ఇంగ నన్ను మెల్లగా నడవమంటావా? నాకు చాతగాదు. ఆయనకే నేర్పు, ఆ కుర్చీలో కూర్చొని లేసేది. బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చినా, మందుల చీటీ తీసుకొని వస్తానని అబద్ధం చెప్పి.

పేరా? మొగుడి పేరు మేము చెప్పం అమ్మణ్ణీ. రేషన్ కార్డుకు పోతే కూడా పక్కనున్నోళ్ల చేత చెప్పిస్తి.

సరే, రాసుకో. వీరరాఘవ.

చూడు, చెప్పేసినా. ఏమీ కాలా.